బండి పట్టాలో దాగిన బిగువు

చిన్నప్పుడు మా నర్సీపట్నంలో, చింతపల్లి రోడ్డు పక్కన, బండి చక్రానికి పట్టా వేస్తుంటే బడి ఎగ్గొట్టి మరీ నిలబడి చూసేవాణ్ని. ఇనుప పట్టాను నేల మీద పడుకోబెట్టి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవారు. నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించి, సమ్మెటలతో సర్ది, గబగబా నీళ్లు పోసేవారు. ఆ ఆవిరిలో కర్ర కిర్రుమనేది. "ఇన్నావా బాబూ, ఆకులు బిగుస్తన్నాయి" అనేవాడు కమ్మరి తాత.

పట్టాను ఆయన చక్రం చుట్టుకొలత కన్నా వేలి మందం తక్కువ చేసేవాడు. ఎంత తగ్గించాలో చేతికే తెలుసు. నాలుగున్నర మీటర్ల ఇనుప పట్టా 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 27 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారాక ముడుచుకోబోతే చెక్క అడ్డుపడుతుంది. ఆ పెనుగులాట లోపలే నిలిచిపోతుంది. ఇంజనీర్లు అవశేష ఒత్తిడి అనేది ఇలాంటి బిగువునే.

చక్రాన్ని నిలబెట్టే ఈ బిగువే వెల్డింగు అతుకులో చేటు చేస్తుంది. ఏ బరువూ మోయకముందే అతుకు లాగుడులో ఉంటుంది. పగుళ్లకు అదే చోటిస్తుంది. మందపాటి ఉక్కు పాత్రలను వెల్డింగు తర్వాత 600 డిగ్రీల దగ్గర ఉంచి మెల్లగా చల్లార్చేది అందుకే.

అయినా ఎంత మిగిలిందో కంటికి కనబడదు. పరమాణువుల వరసల మధ్య దూరం కొలవాలి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో ఎక్స్‌రేలతో కొలుస్తారు. ఉక్కులో అవి వెంట్రుక మందం కూడా దిగవు. సెంటీమీటర్ల లోతు చూడాలంటే న్యూట్రాన్లు కావాలి, అవి ట్రాంబేలోని ధ్రువ లాంటి రియాక్టర్లలో దొరుకుతాయి.

మరి ఒకే ముక్కకు ఒక్కో ప్రయోగశాల ఒక్కో అంకె చెబితే? 1982 వెర్సాయ్ శిఖరాగ్ర సమావేశంలో పుట్టిన వామాస్ అనే ఉమ్మడి ప్రయత్నం కింద, 1996 నుంచి పలు దేశాల శాస్త్రవేత్తలు ఒకే తరహా నమూనాలను తమ తమ చోట్ల న్యూట్రాన్లతో కొలిచి అంకెలు పోల్చుకున్నారు. ఆ శ్రమే 2005లో ఐఎస్ఓ సాంకేతిక పత్రంగా, 2019లో ప్రమాణంగా రూపుకట్టింది. వాళ్లు ఎంచుకున్న నమూనాల్లో ఒకటి చదివి నేను ఆగిపోయాను: అల్యూమినియం బిరడా చుట్టూ బిగించిన అల్యూమినియం కంకణం. తాత చేసిన పనే!

మా ఊరి చక్రమొకటి బాలాపూర్ తీసుకెళ్లి కొలిపించాలని నా కోరిక. పట్టా ఊడదీస్తే బిగువు జారిపోతుంది. చక్రంతో సహా మోసుకెళ్లాలి. పట్టా వేసిన చెయ్యి కూడా వెంట రావాలి, ఎంత తగ్గించి చేశాడో ఆయనే చెప్పాలి.