ఓడెక్కిన కులం

సముద్రం దాటితే కులం చెడుతుందని సవర్ణుల భయం. అమితావ్ ఘోష్ 'సీ ఆఫ్ పాపీస్' (2008) నవల ఆ భయాన్నే ఆశగా తిప్పింది. 1838లో కలకత్తా నుంచి మారిషస్ పోయే ఐబిస్ ఓడలో కూలీలంతా 'ఓడ అన్నదమ్ములు' అవుతారు. బాగానే వుంది. కానీ చమార్ కలువాను కొరడాతో కొట్టి చంపాలని చూసిన సుబేదారు కూడా అదే ఓడలో వుంటాడు! నవలలో నాకు నిజమనిపించిన చోటు అదే.

ఏర్పేడులో కూచుని చదివితే ఇంకొకటి గుర్తొస్తుంది. మద్రాసు నుంచి నాటాలుకు మొదటి కూలీల ఓడ ట్రూరో 1860లో పోయింది. ఏర్పేడు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. ఆ జిల్లా జనం తర్వాతి ఓడల్లోనూ చాలామందే పోయారు. ఓడ జాబితాలో పేరు, వయసు, ఊరుతోబాటు కులానికీ ఒక గడి! గుమస్తా అడిగితే మాలాయన ఏం చెప్పుకున్నాడు, గుమస్తా ఏం రాసుకున్నాడు? మన సముద్ర నవల అక్కడ మొదలుపెట్టాల.