స్టూలు లాక్కుని కూర్చోవడం

రోగిని చూడ్డానికి పోయినప్పుడు వార్డులోకి అడుగు పెట్టగానే నా కళ్ళు స్టూలు కోసం వెతుకుతాయి. నిలబడి పలకరించే మనిషి కాసేపట్లో పోయే మనిషని మంచం మీదున్నవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. కూర్చున్నామా, పక్క సర్దుకుని వాళ్ళే మొదలుపెడతారు. జబ్బు సంగతి తర్వాత వస్తుంది. ముందు బోరు ఎండిపోయిన సంగతి, కూతురి కాన్పు, ఇంటి దగ్గర ఆవుకు గడ్డి వేసేవాళ్ళు లేని సంగతి.

తిరుపతిలో ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పూట మా సంఘం వాళ్ళం నలుగురైదుగురం ముప్పయ్యేళ్ళుగా చేస్తున్న పని ఇది. పాస్టరుగారు చదివే నోటీసులో దీని పేరు రోగుల పరామర్శ. మా ఇంట్లో మాత్రం ‘ఆస్పత్రికి పోవడం’ అంతే. మేం చూసేవాళ్ళలో క్రైస్తవులు కొద్దిమందే. చాలామంది దిండు కింద శ్రీవారి ఫొటో ఉంటుంది. ప్రార్థన చేయమంటారా అని అడుగుతాం. వద్దంటే బత్తాయిలు చేతిలో పెట్టి ఊరికే కూర్చుంటాం. “మతం మార్చడానికి వచ్చినారా?” అని మొహం మీదే అడిగినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టను. మంచం మీదున్నవాడి బలహీనతను వాడుకునే మనుషులు అన్ని మతాల్లోనూ ఉంటారు, మాలోనూ ఉన్నారు.

ఈ పని నాకు మొదట్లో చేతకాలేదు. పాతికేళ్ళు దాటింది, ఒకాయన కాలేయం పాడై మంచం పట్టాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అప్పట్లో నాకు మాట ధాటి ఎక్కువ. మంచం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి పావుగంట ప్రార్థన చేశాను. ఆఖర్న ఆయన భార్య వైపు తిరిగి, “అమ్మా, దిగులు పడొద్దు, ఈయన లేచి ఇంటికి నడిచి వస్తాడు, దేవుడు నాకు చూపించినాడు” అన్నాను. దేవుడు నాకేమీ చూపించలేదు. ఆ క్షణంలో ఆమె మొహం చూసి ఆగలేక అన్నమాట అది. పదకొండో రోజు ఆయన పోయాడు. మట్టి చేసి వస్తుంటే ఆమె నా దగ్గరికొచ్చి ఒకే మాట అడిగింది: “అన్నా, నీకు చూపించింది ఎవురు?”

ఆ తర్వాత ఏడాది పాటు వాళ్ళ వీధిలోకే పోలేదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అంతే. ఇంట్లో ప్రార్థనప్పుడు నా వంతు వస్తే, తల నొప్పిగా ఉందని నా భార్యకు అప్పగించేవాణ్ణి.

చివరికి మా అవ్వకు చెప్పుకున్నాను. అప్పటికి ఆమెకు ఎనభై ఐదు. వయసులో ఉన్నప్పుడు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో ఆయాగా పనిచేసింది. నేను చెప్పిందంతా విని, ఆకూవక్కా నమలడం ఆపి, “కూసున్నావా, నిలబడుకొని చెప్పినావా?” అంది.

నిలబడే చెప్పానన్నాను.

“అందుకే” అంది.

ఆరోగ్యవరం గురించి మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, కోస్తా పాఠకుల కోసం రెండు మాటలు. మదనపల్లె మొన్నమొన్నటి దాకా చిత్తూరు జిల్లాలోదే. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, ఎండాకాలంలోనూ సాయంత్రానికి చల్లగాలి తిరుగుతుంది. 1919లో రవీంద్రుడు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించుకున్నది ఈ ఊళ్ళోనే. అంతకు నాలుగేళ్ళ ముందే, 1915 నాటికే, ఊరి శివార్లలో క్షయరోగుల కోసం శానిటోరియం మొదలైంది. అనేక క్రైస్తవ మిషన్లు కలిసి నడిపిన సంస్థ గనక దానికి యూనియన్ మిషన్ అని పేరు. దాన్ని నిలబెట్టినవాడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు. మిషన్ వైద్యం మనకు కొత్తేమీ కాదు. ఆర్కాటు మిషన్ 1853 నుంచే చిత్తూరు చుట్టుపక్కల ఉంది. ఆ మిషన్ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడర్ పెట్టిన రాయవేలూరు ఆస్పత్రికి చిత్తూరు వాళ్ళు ఇప్పటికీ పొద్దున బస్సెక్కి పోయి రాత్రికి వచ్చేస్తారు.

ఆరోగ్యవరం సంగతి వేరు. అక్కడికి పోయినవాళ్ళు సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. శానిటోరియం తెరిచినప్పుడు క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అది మన దాకా రావడానికి ఇంకొన్నేళ్ళు. అంటే దాదాపు ముప్పయ్యేళ్ళు ఆ ఆస్పత్రి మందు లేకుండానే నడిచింది. మరేం చేసేవాళ్ళు? కదలకుండా పడుకోబెట్టేవాళ్ళు. గాలి ధారాళంగా ఆడే వరండాల్లో మంచాలు వేసేవాళ్ళు. పాలు, గుడ్లు పెట్టేవాళ్ళు. పూటపూటా జ్వరం చూసి చార్టులో చుక్క పెట్టేవాళ్ళు. కొందరికి పక్కటెముకల మధ్య సూది దించి గాలి ఎక్కించేవాళ్ళు, పుండు పడిన ఊపిరితిత్తి ముడుచుకుని కాస్త విశ్రాంతి తీసుకోవాలని. కొందరు బాగుపడ్డారు, చాలామంది పడలేదు.

ఆ బాగుపడని వాళ్ళ పక్కన కూర్చునే పని మా అవ్వది. ఆయా ఉద్యోగంలో అది రాసి లేదు. గిన్నెలు, దుప్పట్లు, కఫం డబ్బాలు కడగడం, అదీ ఉద్యోగం. రాత్రి పూట దగ్గు తెరలు వచ్చేవాళ్ళ దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవడం ఆమె సొంతంగా పెట్టుకున్న అలవాటు. చాలామందికి ఇంటి నుంచి ఉత్తరాలు కూడా ఆగిపోయేవట.

“అంటుకుంటుందని భయం లేదా అవ్వా?”

“బయం ల్యాకేం. కొంగు అడ్డం పెట్టుకొని కూసుంటా ఉంటి.”

“ఏం మాట్లాడేదానివి?”

“మాట్లాడేదానికి ఏముండాది నాయనా. వాళ్ళు అడిగితే ఒక కీర్తన పాడేదాన్ని. అడగకపోతే ల్యా.”

ఆమె చదువుకోలేదు. కానీ మత్తయి సువార్త 25వ అధ్యాయం ఆమెకు నోటికొచ్చు. తీర్పు దినాన ప్రభువు అడిగే లెక్క ఉంటుంది అందులో. ఆకలైనవాడికి అన్నం పెట్టారా, బట్టల్లేనివాడికి బట్టలిచ్చారా అని. రోగి దగ్గరికి వచ్చేసరికి మాత్రం బాగు చేశారా అని ఉండదు, చూడ్డానికి వచ్చారా అనే ఉంటుంది. ఆ తేడా నాకు చూపించింది అవ్వే. అన్ని ప్రసంగాలు విన్నాను, ఒక్క పాస్టరుగారూ అక్కడ ఆగి చెప్పలేదు. గెత్సేమనే తోటలో యేసు కూడా శిష్యులను అడిగింది అంతే కదా, ఒక గంట తనతో మేలుకుని ఉండమని. వాళ్ళు నిద్రపోయారు.

తర్వాత మందులు వచ్చాయి. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. 1959లో మద్రాసులో చేసిన పరిశోధన ఫలితం బయటపడింది: ఇంట్లో ఉండి మాత్రలు మింగినా శానిటోరియంలో పడుకున్నంతగానే నయమవుతుందని. ప్రపంచమంతా శానిటోరియంలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఆరోగ్యవరం అన్ని జబ్బులూ చూసే ఆస్పత్రిగా మారింది. మరి ఆ ముప్పయ్యేళ్ళూ వృథాయేనా అని అవ్వను అడిగాను. నా గోడు కలిపే అడిగాను లెండి, ఆ పదకొండు రోజుల సంగతి.

“మందొస్తే మంచిదే గదా, ఏడుస్తామా? మంచాలు కాళీ అయినాయి, బాగయింది” అంది. కాసేపాగి, “ముందు పోయినోళ్ళ పక్కన నేనుంటి గదా” అంది. ఇంకేదో చెబుతుందని చూశాను. ఆకూవక్కా అందుకుంది.

నా విశ్వాసానికి అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఆ వరండా గురించే. ఎందుకు జబ్బు వచ్చింది, ఎందుకు పోయాడు అన్నవాటికి నా దగ్గర జవాబు లేదు, ఉందని చెప్పడం మానేశాను. గోడల మీద స్వస్థత మహాసభల పోస్టర్లు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుంటుంది. వేదిక మీద మైకు పట్టుకున్నవాడికి స్టూలు ఉండదు.

అవ్వతో మాట్లాడిన మరుసటి వారం, ఆ పోయినాయన భార్య ఇంటికి పోయాను. తలుపు తీసి చూసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. అరుగు మీద కూర్చున్నాను. చూపించింది ఎవరూ లేరని, నేనే కల్పించి చెప్పానని అన్నాను. ఆమె ఏమీ అనలేదు. చాలాసేపటికి లోపలికి పోయి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. తర్వాత మూడు నాలుగేళ్ళకు ఆమె కూడా మాతో ఆస్పత్రికి రావడం మొదలుపెట్టింది. మా అందరిలోకీ తక్కువ మాట్లాడేది ఆమే. రోగులు ఎక్కువగా అడిగేదీ ఆమెనే.

ఈ ఆదివారం మగవాళ్ళ వార్డుకు పోవాలి. అక్కడ స్టూళ్ళు చాలవు, ఇంట్లోంచి మడత స్టూళ్ళు రెండు పట్టుకుపోతున్నాం.