గోడలకు పైసా లేదు, మడికి ఉంది

ఖానాపూర్‌లో సదర్మాట్ నీళ్లతో వరి వేసే రైతుకు గోదావరి దాటితే జగిత్యాల జిల్లా. అక్కడి పొలాస పరిశోధన స్థానంలో పుట్టిన వరి రకం జగిత్యాల సన్నాల మూలం వెతుక్కుంటూ పోతే 1862 జులై 2న అబ్రహాం లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం దగ్గర తేలతాం.

అమెరికాలో అప్పుడు అంతర్యుద్ధం. ప్రభుత్వం చేతిలో డబ్బుకు కటకట, భూమికి కొదవ లేదు. అందుకే సెనేటర్లు, ప్రతినిధులు ఎందరుంటే అన్ని 30,000 ఎకరాల లెక్కన, కళాశాలలు పెట్టుకొమ్మని రాష్ట్రాలకు ఇచ్చారు. సర్కారు భూమి లేని రాష్ట్రాలకు భూమి పత్రాలిచ్చారు. అమ్మగా వచ్చిన సొమ్మును ఏడాదికి 5 శాతానికి తగ్గకుండా రాబడి వచ్చే బాండ్లలో పెట్టాలి. అసలు ఎన్నటికీ తరగకూడదు, తరిగితే రాష్ట్రమే పూడ్చాలి. కాలేజీ నడవాల్సింది వడ్డీతోనే. భవనాలు కట్టడానికే కాదు, మరమ్మతులకు కూడా అందులో ఒక్క డాలరు ముట్టరాదు. స్థలానికో, ప్రయోగ క్షేత్రానికో మాత్రం పదో వంతు దాకా వాడుకోవచ్చు. ఆ చట్టం రాసినవాళ్ల పనితనం నాకు ఈ ఒక్క మినహాయింపులోనే బాగా కనిపిస్తుంది. వ్యవసాయం, యంత్రవిద్య ప్రధానమన్నారే గాని, కష్టజీవుల పిల్లలకు మిగతా శాస్త్రాలు, సాహిత్యం వద్దనలేదు. ఎంత పెద్ద మనసు!

ఆ ఎకరాలు మాత్రం అక్కడి ఆదివాసుల నుంచి ఒప్పందాల పేరుతోనో బలవంతంగానో లాక్కున్నవి. గోండు గూడేలున్న మన ప్రాంతంలో కూర్చుని ఆ సంగతి దాటవేసి ఈ చట్టాన్ని మెచ్చుకోవడం నా వల్ల కాదు.

ఆ భూమి బలంతో 1863లో మొదలైన కాన్సాస్ కళాశాల విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దానికి తోడు నిలిచింది. బోధన, పరిశోధన, దాని ఫలితాలను రైతుకు చేరవేయడం మూడూ ఒకే సంస్థ చూసుకునే పద్ధతి ఆ భూదాన కళాశాలలదే.

ఆ విశ్వవిద్యాలయం కిందే నడిచిన పొలాస స్థానంలో ఆ పద్ధతి ఫలించిన తీరు చూడండి. సాంబ మసూరి గింజ సన్నం, కానీ చేతికి రావడానికి ఐదు నెలలు పడుతుంది, పైగా ఉల్లికోడుకు తట్టుకోదు. ఆ పురుగు మొవ్వులో చేరితే పిలక ఉల్లికాడలా గొట్టమైపోతుంది, దానికి ఇక కంకి రాదు. ఉల్లికోడును తట్టుకునే వరంగల్ రకం కావ్యతో సాంబ మసూరిని సంకరపరిచి, జేజీఎల్ 1798ని ఎంపిక చేశారు. అదే జగిత్యాల సన్నాలు. గింజ సన్నదనం పోలేదు, ఉల్లికోడు బెడద తప్పింది, పంట నాలుగు నెలలకే కోతకొస్తుంది. ఇప్పుడు పొలాసలో వ్యవసాయ కళాశాల కూడా ఉంది. అక్కడి విద్యార్థులకు తరగతి గది దాటగానే పరిశోధన మడులే.