నక్షత్రాంతర మేఘాల వర్ణనలో కాంతి కర్తృత్వం: ఒక విమర్శ

కీలక పదాలు: నక్షత్రకాంతి, నీహారిక, ధూళి, అయనీకరణం, కారకార్థం, నిజామియా వేధశాల.

ఉపోద్ఘాతం

నక్షత్రాల నడుమ ఉండే వాయు, ధూళి మేఘాలకు తెలుగులో స్థిరపడిన పేరు ‘నీహారిక’. నీహారమంటే మంచు. ఈ పేరు మేఘపు రూపాన్ని చక్కగా పట్టిస్తుంది గాని, దానిపై నక్షత్రకాంతి జరిపే పనిని సూచించదు. ‘నక్షత్రకాంతిలో నీహారిక మెరుస్తుంది’ వంటి వాక్యంలో కాంతికి దక్కేది అధికరణార్థం మాత్రమే. అంటే అది మేఘం కనిపించడానికి ఆధారం. భౌతికశాస్త్రం మాత్రం కాంతిని కర్తగా నిలుపుతుంది. ఈ అంతరం శైలితో ఆగక అవగాహనను ఎలా ప్రభావితం చేస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వీధిదీపం ఉపమానం: దాని పరిమితి

హైదరాబాదులో 1935 నాటి గ్రానైట్ కట్టడమైన మొజంజాహీ మార్కెట్ కూడలిని ఉదాహరణగా తీసుకోవచ్చు. రాత్రివేళ దుమ్ములో, పొగలో వీధిదీపం చుట్టూ వెలుగువలయం ఏర్పడుతుంది. పరిక్షేపణాన్ని బోధించడానికి ఇది తగిన ఉపమానమే. ధూళి నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టడం వల్ల దాని వెనుక ఉన్న నక్షత్రం మసకబారి, ఎర్రబారి కనిపిస్తుందన్న అంశమూ దీనితో బోధపడుతుంది.

అయితే వీధిదీపం దుమ్మును మార్చదు. నక్షత్రకాంతి మేఘాన్ని మారుస్తుంది. అతినీలలోహిత కాంతి ధూళిరేణువుపై పడి ఎలక్ట్రానును వెలువరిస్తే, ఆ ఎలక్ట్రాను శక్తితో పరిసర వాయువు వేడెక్కుతుంది. కాంతిని శోషించుకున్న రేణువు పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. హైడ్రోజన్ అణువులు విడిపోతాయి. 91.2 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతి హైడ్రోజన్ పరమాణువును అయనీకరిస్తుంది. అలాంటి వాయువు ఉష్ణోగ్రత సుమారు 10,000 కెల్విన్లకు చేరుతుంది. ధూళి మాటున కాంతి చొరబడని మేఘగర్భంలో అది 10 కెల్విన్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఉపమానం మొదటి అర్ధాన్ని చెప్పి రెండో అర్ధాన్ని మరుగుపరుస్తున్నది.

హైదరాబాద్ మండలం

1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించగా, 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించిన నిజామియా వేధశాల అంతర్జాతీయ ఆకాశపట పథకంలో పాల్గొన్నది. దానికి దక్కిన −17 నుండి −23 డిగ్రీల క్రాంతి మండలంలో ఈ విమర్శకు అవసరమైన మూడు నిదర్శనాలూ ఉన్నాయి. ధనూరాశి నక్షత్రమేఘంపై నల్లగా కనిపించే బర్నార్డ్ 92 కృష్ణ నీహారిక. వృశ్చికంలోని న్యూ స్కార్పీ నక్షత్ర వ్యవస్థ కాంతిని చెదరగొట్టే ఐ.సి. 4592 పరావర్తన నీహారిక. మండలపు దక్షిణపు అంచున ఉన్న ట్రిఫిడ్ ప్రధానంగా ఉద్గార నీహారిక.

మూడు పేర్లు మూడు వేర్వేరు పదార్థాలున్నాయన్న భ్రమ కలిగిస్తాయి. వాస్తవానికి మూడింటిలోనూ ఉన్నవి వాయువు, ధూళియే. తేడా ప్రధానంగా నక్షత్రపు ఉష్ణోగ్రతలోను, మేఘానికి దానికి గల దూరంలోను ఉంది. న్యూ స్కార్పీలోని బి తరగతి నక్షత్రాలకు విస్తారమైన వాయువును అయనీకరించే శక్తి చాలదు. ట్రిఫిడ్ నడుమనున్న ఓ తరగతి నక్షత్రానికి ఆ శక్తి ఉంది. వీధిదీపం ఉపమానంతో ఆగిన విద్యార్థి ఈ భేదానికి కారణం చెప్పలేడు.

ఆకాశపట పథకం లక్ష్యం నక్షత్రాల స్థానాలను కొలవడం. దారిలో ధూళి మింగిన కాంతి దాని పరిధిలోనిది కాదు. ఆ నష్టం ఎంత విస్తృతమో 1930లో ట్రంప్లర్ నక్షత్రగుచ్ఛాల అధ్యయనంతో స్పష్టపడింది. కాంతిని వార్తాహరునిగా మాత్రమే చూడడం తెలుగు రచనకే పరిమితమైన లోపం కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

ముగింపు

‘నీహారిక’ను విడనాడవలసిన పని లేదు, పారిభాషిక పదానికి స్థిరత్వమే బలం. సవరించవలసినది వాక్యాన్ని. ‘కాంతిలో మెరిసింది’ అన్నచోట ‘కాంతిచేత అయనీకరింపబడింది’, ‘కాంతి వలన వేడెక్కింది’, ‘కాంతి పీడనం చేత నెట్టబడింది’ అని సందర్భానుసారం రాయాలి. విభక్తిని ఎంచుకోవడమంటే కారణాన్ని నిర్ణయించడమే. పాఠ్యరచయిత పారిభాషిక పదకోశంతో పాటు కారకార్థాలనూ సరిచూసుకున్నప్పుడే శాస్త్రం తెలుగులో ఆలోచనగా నిలుస్తుంది.