రంగు మిగిలింది, సినిమా పోయింది

మూకీ సినిమాల నటి క్లారా బౌ ఎర్ర జుట్టు గురించి 1920లలో అమెరికా పత్రికలు తెగ రాసేవి. తెర మీద మాత్రం అది కనిపించేది కాదు, సినిమాలు నలుపు తెలుపు కదా! ఆ ముచ్చట 1928లో తీరింది. పారమౌంట్ సంస్థ 'రెడ్ హెయిర్' తీసి, మొదటి సన్నివేశాన్ని టెక్నికలర్ అనే రంగుల పద్ధతిలో చూపించింది. అప్పటి టెక్నికలర్ ఎరుపునీ ఆకుపచ్చనీ మాత్రమే పట్టుకోగలిగేది. ఎర్ర జుట్టుకు అంతకన్నా ఏం కావాలి? ఆ సినిమా ఇప్పుడు లేదు. రంగు భాగంలోంచి కొన్ని తునకలు మిగిలాయి, అంతే.

కథ మనకు తెలుసు. గోళ్లు తీర్చిదిద్దే పని చేసుకునే అమ్మాయికి ముగ్గురు పెద్దమనుషులు కానుకలిస్తుంటారు. తీరా చూస్తే, ఆమె మనసిచ్చిన కుర్రాడికి ఆ ముగ్గురే సంరక్షకులు. పెళ్లికి అడ్డుపడతారు. వాళ్లు కొనిచ్చిన బట్టల్ని అందరి ముందే విప్పి వాళ్లకే ఇచ్చేస్తుంది. చదివితే ఇంతే. ఆమె ముందు ఎవరి వంక చూసింది, ఎక్కడ ఒక్క క్షణం ఆగింది, వాళ్ల మొహాలు ఎప్పుడు వాడిపోయాయి? జనాన్ని నవ్వించింది అదే. అదే మనకు దక్కలేదు.

కొంతైనా ఊహించుకోవాలంటే 'ఇట్' చూడాలి. 1927లో అదే దర్శకుడు క్లారెన్స్ బ్యాడ్జర్ అదే నాయికతో తీశాడు, రెండింటికీ మూలం ఎలినార్ గ్లిన్ రచనలే. దుకాణంలో పనిచేసే అమ్మాయి రిట్జ్ హోటల్‌కి విందుకు వెళ్లాలి. తగిన గౌను లేదు. ఒంటి మీదున్న గౌనుకే కత్తెర వేయిస్తుంది. ఆ అమ్మాయి లేమి, పంతం, హుషారు ఆ కత్తెర చప్పుడు వినబడకుండానే తెలిసిపోతాయి. మూకీల్లో మాటలు రాసిన కార్డు తెర మీద వేస్తే చూపు చదవడానికి మళ్లుతుంది, ఊపు తగ్గుతుంది. అందుకే చేతులతో చెప్పగలిగింది కార్డుకి వదలకపోవడం మూకీ హాస్యంలో అసలైన పనితనం. నా మటుకు, క్లారాని మించి దాన్ని ఒంటబట్టించుకున్న నటి ఆ రోజుల్లో లేదు.

'ఇట్' కూడా పోయిందనే అనుకున్నారు. 1960లలో ప్రాగ్‌లో ఒక కాపీ బయటపడింది. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దాదాపు 11 వేల అమెరికన్ పూర్తి నిడివి మూకీల్లో 70 శాతం జాడ లేకుండా పోయాయి. నైట్రేట్ ఫిల్ము తనంతట తానే కుళ్లిపోతుంది, నిప్పు సోకితే భగ్గుమంటుంది. టాకీలొచ్చాక మూకీలకు గిరాకీ లేక, ఫిల్ములో ఉండే వెండి కోసం రీళ్లు కరిగించినవాళ్లూ ఉన్నారు.

మనకీ ఆ లోటుంది. రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ మిగల్లేదు. పాత టాకీసు గదిలోనో, పంపిణీదారుల గోడౌన్‌లోనో తుప్పు పట్టిన ఫిల్ము డబ్బా కనిపిస్తే తూకానికి అమ్మేయకండి, ప్రొజెక్టర్‌కీ ఎక్కించకండి. ముందుగా పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు చెయ్యండి.