విజ్ఞానసర్వస్వమున నూతనవ్యాసపరీక్ష

వికీపీడియా యను పేర నంతర్జాలమున వెలసిన విజ్ఞానసర్వస్వమున నెవ్వరైనను వ్రాయవచ్చునని లోకప్రసిద్ధి. వ్రాసినది నిలుచుటకు మాత్ర మొక పరీక్ష గలదనియు, ఆ పరీక్షను జేయువారును వ్రాయువారివలెనే తమంతఁ దాము వచ్చి నేర్చుకొన్నవారే యనియు నెఱిఁగినవారు తక్కువ. ఆ పరీక్షకులు నేర్చు విద్య యెట్టిది, అందలి కొఱత యేది యనునది పండితులు విచారింపఁదగిన విషయము. ఏలనన, ఏ సందేహము కలిగినను విద్యార్థి నేఁడు మొదట నాశ్రయించునది యా సర్వస్వమునే. ఉపాధ్యాయుఁడును బలుమాఱు లట్లే చేయుచున్నాఁడు, చెప్పుకొనకపోవచ్చును.

ఈ పరీక్ష తొలుత వ్రాతకు వెనుక గాక ప్రకటనకు ముందుండెడిది. 2000 సంవత్సరమున నారంభమైన నూపీడియా యను సర్వస్వమునఁ బ్రతి వ్యాసమును విద్వాంసులు నడపు నేడు మెట్ల పరిశీలనమును దాఁటిన పిమ్మటనే వెలువడవలసియుండెను. 2003 లో నది మూఁతపడునాఁటికిఁ గడతేఱిన వ్యాసములు పాతిక ప్రాంతము మాత్రమే. దానికిఁ జేదోడుగ 2001 జనవరి 15 న వెలసిన వికీపీడియాలో క్రమము తలక్రిందయ్యెను: ప్రకటన ముందు, పరీక్ష వెనుక. మొదటి పద్ధతి కష్టము తెలుఁగువారికిఁ గ్రొత్త గాదు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు పెక్కు వ్యాసములు తామే వ్రాసి నడపిన యాంధ్రవిజ్ఞానసర్వస్వము, 1923 లో వారు పరమపదించునాఁటికి మూఁడు సంపుటములను మించలేదు. ఆ గ్రంథమునకుఁ గల గౌరవమున కెద్ది కారణమో, అది యాగిపోవుటకును దాదాపదియే కారణము. భారమంతయు నొక్కరి భుజముపై నుండెను.

వెనుక జరుగు పరీక్షయందలి యపాయము 2005 లో బయలుపడెను. జాన్ సీగెంథాలర్ అను నమెరికా పత్రికారచయితకుఁ గెన్నెడీసోదరుల హత్యలతో సంబంధ మంటగట్టిన వ్యాస మొకటి యా యేఁటి మే నెలలోఁ బుట్టి, నాలుగు మాసము లెవ్వరి కంటను బడక నిలిచెను. నాఁటి డిసెంబరునుండి యాంగ్ల వికీపీడియాలోఁ బేరు నమోదు చేసికొననివారు క్రొత్త వ్యాసమును బ్రారంభింపఁగూడదని కట్టడి యేర్పడెను. 2016 లోఁ బరీక్షకుల కొక ప్రత్యేకాధికార మేర్పఱచిరి. అక్కడఁ గ్రొత్త వ్యాసము వరుసలోఁ జేరి, పరీక్షకుఁడు చూచితినని గుర్తు పెట్టకమునుపు సామాన్యముగ నన్వేషణయంత్రములకుఁ గానరాకుండును.

అభ్యాసికిఁ బాత పరీక్షకులు నేర్పునవి కొన్ని సులభములు. సజీవులపై నిందారోపణ మగపడినఁ దక్షణము తొలఁగింపవలెను. పరుల గ్రంథమునుండి యెత్తి వ్రాసినదో కాదో రెండును బక్కపక్కల నుంచి చూచినఁ దెలియును. వర్తకుల ప్రకటనవ్యాసము తన విశేషణములచేతనే పట్టువడును. “అగ్రగామి”, “సుప్రసిద్ధ” యనునవి మొదటి వాక్యముననే యుండును. ఒక్క వారములో నలవడు విద్య యిది. కష్టమైనది మూలముల పరీక్ష. విషయమును గూర్చి దానితో సంబంధము లేనివారు, నమ్మఁదగిన గ్రంథములలో, తగినంత విస్తరముగ వ్రాసియుండవలెనని నియమము. నియమము దోషరహితమే. దానిని నేర్చువిధమునందే కొఱత యున్నది. మూలములను లెక్కించుట యభ్యాసి త్వరలోనే నేర్చును. చదువుట నేర్చునో లేదో యడుగువారు లేరు.

లెక్కకు లొంగి చదువుటను మఱచినందులకు బిచోలిము యుద్ధమును మించిన నిదర్శనము లేదు. 2007 జూలైలో నాంగ్ల వికీపీడియాలో నా పేరితో నొక దీర్ఘవ్యాసము వెలువడెను. 1640, 1641 సంవత్సరములలో గోవాపాలకులైన పోర్చుగీసువారికిని మరాఠా సామ్రాజ్యమునకును బిచోలిము ప్రాంతమున జరిగిన యుద్ధమట యది. కారణములు, సేనానుల యెత్తులు, సంధి యన్నియు నందుండెను. ప్రతి ఖండికకును బుస్తకముల పేళ్లు, పుటసంఖ్యలు నుండెను. రెండు నెలల ప్రాంతముననే దానికి “మంచి వ్యాసము” అను యోగ్యతాచిహ్నము లభించెను. ఆ చిహ్నముతో నది యయిదేండ్లకుఁ బైగా వెలిఁగెను. 2012 డిసెంబరులో నొక సభ్యుఁ డందుఁ జెప్పిన పుస్తకములను గ్రంథాలయసూచికలలో వెదకఁగా నవి యెందును లేవని తేలెను. యుద్ధమును లేదు; వ్యాసము తొలఁగింపఁబడెను.

ఇందు విచారింపవలసిన దొకటి గలదు. పుస్తకములు వెదకనక్కఱయే లేదు. 1640 లో మరాఠా సామ్రాజ్య మెక్కడిది? 1630 లోఁ బుట్టిన శివాజీ యప్పటికిఁ బదియేండ్ల బాలుఁడు. అతనికిఁ బట్టాభిషేకము జరిగినది 1674 లో. ఉన్నత పాఠశాలలోఁ జరిత్రము చెప్పు నుపాధ్యాయుఁడు శీర్షిక క్రింది మొదటి వాక్యముననే యాగియుండెడివాఁడు. యోగ్యతాపత్ర మిచ్చిన పరీక్షకునకుఁ జరిత్రము తెలియదనుట కాదు గాని, అతఁడు చూచినది వ్యాసముయొక్క వేషమును: ఖండికలు సమముగ నున్నవి, మూలసూచిక లున్నవి, భాష నిర్మలముగ నున్నది.

దీనికిఁ బూర్తిగ వ్యతిరేకముగఁ గానవచ్చినను లోన నీ దోషమే గల యుదాహరణము డోనా స్ట్రిక్లండు గారిది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులైన యీమె 1985 లో జెరార్డు మురూ గారితోఁ గూడి లేజరు కిరణస్పందములను మహాశక్తిమంతములుగఁ జేయు విధానమును బ్రకటించిరి. ఈమెను గూర్చి 2014 లో వ్రాయఁబడిన వ్యాసము పరులపుటనుండి యెత్తి వ్రాసినదని తొలఁగింపఁబడెను. ఆ నిర్ణయమునఁ దప్పు లేదు. 2018 మే నెలలో వేఱొక చిత్తుప్రతి పరీక్షకు వచ్చెను. చూపిన మూలములు చాలవని పరీక్షకుఁడు త్రోసివేసెను. ఆ యేఁడే అక్టోబరు 2 న నామెకు భౌతికశాస్త్రమున నోబెలు బహుమాన మీయఁబడెను. ఆ శాస్త్రమున నా బహుమానమందిన స్త్రీలలోఁ గ్యూరీ (1903), గెప్పర్టు మేయరు (1963) గారల పిదప నీమె మూఁడవవారు. తనతో బహుమానమును బంచుకొన్న మురూ గారిపై నప్పటికే వ్యాస ముండెను.

లోకము పరీక్షకుని దూఱెను. సర్వస్వపక్షమువా రిచ్చిన సమాధాన మేమనఁగా, వికీపీడియా లోకమునకు దర్పణము. స్త్రీలైన శాస్త్రజ్ఞులను గూర్చి లోకమే వ్రాయకున్న నద్దమేమి చేయఁగలదని. సమాధానమున సత్యము లేకపోలేదు. అయినను అది చాలదు. విద్వాంసుల విషయమై యా సర్వస్వమునందే వేఱుగ నొక నియమము గలదు: ప్రధానమైన విద్వత్సంస్థకు నెన్నుకొనఁబడిన యధ్యక్షులుగ నున్నవారు వ్యాసార్హులు. స్ట్రిక్లండు గారు 2013 లో నమెరికాలోని ఆప్టికల్ సొసైటీ కధ్యక్షులైరి. ఆ సంస్థ యధ్యక్షుల పట్టికను దెఱచి చూచుటకుఁ బట్టు కాలము నిమిషము. చిత్తుప్రతిలోని మూలములు కొఱవడినవన్నమాట నిజము కావచ్చును. లోకమున మూలములు కొఱవడినవనుట నిజము గాదు. ఈ రెండు ప్రశ్నలును వేఱు. బిచోలిమున మూలములు కాగితముపై నున్నవి, లోకమున లేవు. స్ట్రిక్లండు గారి విషయమున లోకమున నున్నవి, కాగితముపైఁ జాలినన్ని లేవు. రెండుచోట్లను బరీక్షకుఁడు కాగితమును మాత్రమే చూచెను.

ఇం దతనిని మాత్రమే దూషించుట న్యాయము గాదు. ప్రకటితమైన వ్యాసమును జర్చకుఁ బెట్టి తొలఁగింపఁ గోరువాఁడు ముందుగఁ దానే మూలములను వెదకవలెనని యాంగ్ల సర్వస్వమున స్పష్టముగ విధింపఁబడినది. చిత్తుప్రతిని ద్రోసివేయువాని కట్టి విధి యంత గట్టిగ లేదు; అక్కడ భారము వ్రాసినవానిదే. వ్రాసినవాఁడు తఱచుగఁ గ్రొత్తవాఁడు. ఒకపూఁట శ్రమపడి వ్రాసినదానికి ముందే సిద్ధపఱచియుంచిన మూఁడు పంక్తుల తిరస్కారము వచ్చినచో మరల రాఁడు. వరుసలో వేలకొలఁది వ్యాసములు వేచియుండఁగాఁ బ్రతిదానికిని వెదకుట సాధ్యమా యని యడుగవచ్చును. అన్నింటిని జదువనక్కఱలేదు. చూపిన మూలములలో నొక్కదానిని దెఱచి, తెఱచితినని చర్చాపుటయందుఁ బుటసంఖ్యతో వ్రాసినఁ జాలును. ఈ యొక్క నియమ మున్నచో బిచోలిము యుద్ధము 2007 సెప్టెంబరుననే ముగిసియుండెడిది.

2003 డిసెంబరున నారంభమైన తెలుఁగు వికీపీడియాకుఁ జిక్కు వేఱు రూపమునఁ గలదు. ఆంగ్లవ్యాసములనుండి యనువదింపఁబడి వచ్చు వ్యాసముల వెంట నాంగ్లమూలములును యథాతథముగ వచ్చును. అనువాదకుఁడు వానిని జూడఁడు, పరీక్షకుఁడును జూడఁడు. సూచికలు ముప్పది యుండును, చదివినవాఁ డొక్కఁడును నుండఁడు. గూగులు సంస్థ 2009 మొదలు రెండేండ్లపాటు భారతీయభాషలలో నడపిన యనువాదోద్యమమువలన నిట్టివి తెలుఁగున విస్తారముగఁ జేరెను. కర్తకుఁ గ్రియ దొరకని వాక్యములు వానియందుఁ గొల్లలు. మూలముల వరుస మాత్రము ముచ్చటగ నుండెను. మఱియొకవైపున, మండలకేంద్రమున నుండి శతకములు వ్రాసి కీర్తిశేషుఁడైన కవిపై నొక శిష్యుఁడు “మొలక” వంటి చిన్నవ్యాసము వ్రాసినచో, అంతర్జాలమున నేమియు దొరకలేదని పరీక్షకుఁడు పెదవి విఱుచును. ఆ కవిపై సమీక్షలు వెలువడినది పాతపత్రికలలో. అవి కొన్ని యంతర్జాలమునకు బొమ్మలుగ నెక్కినవి గాని, అక్షరములుగ నెక్కని బొమ్మలను యంత్రము చదువలేదు. అన్వేషణయంత్రమునఁ గానరానిది లేనిదే యను నూహ యాంగ్లమునఁ గొంత చెల్లవచ్చును. తెలుఁగున నది శుద్ధముగఁ దప్పు.

అందుచేతఁ దెలుఁగు పరీక్షకుఁడు మొదట నేర్వవలసినది ముద్రితగ్రంథముల సూచికలను జూచుట. తరువాత, ఫలాని పత్రిక ఫలాని సంచిక యెవరియొద్ద నున్నదో యడిగి తెలిసికొనుట. ఆ సంచికలు చాలవఱకుఁ బాఠశాలల బీరువాలలోను బండితుల యిండ్లలోను నున్నవి.