గరిటె ముట్టని పులుసు
కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేటి చుట్టుపక్కల, ఏలూరు దాకా, పాతకాలపు భోజన హోటళ్లలో నేను వెతికేది కొర్రమీను పులుసు. పైకొచ్చి గాలి పీల్చే చేప కాబట్టి బతికుండగానే సంతకు చేరుతుంది. రుచికి అదే మొదలు.

వెడల్పాటి గిన్నెలో ఉల్లిముద్ద నూనె తేలేదాకా వేగాలి. చింతపండు పులుసు తెర్లాక ముక్కలు వేయాలి. ఇక గరిటె ముట్టకూడదు. మసిగుడ్డతో అంచులు పట్టి గిన్నెను కుదపాలి. ముక్క చెదరదు, అడుగంటదు. ఎన్నో ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడితేగానీ ఆ నేర్పు చేతికి రాదు. దానికి నేను మనసారా దణ్ణం పెడతాను.

వడ్డనా తక్కువ పనేం కాదు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి అయ్యి, పులుసు వచ్చే వేళకు ఆకులో మళ్లీ వేడన్నం పడాలి. “ఇంకొంచెం వేయమంటారాండీ?” అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. రాత్రి కాచిన పులుసు మిగిలిందేమో అడగండి. మర్నాటికి ముక్కకు పులుపు బాగా పడుతుంది.